శనివారం పెద్దలకు, ఆదివారం పిల్లలకు

పోయిన నెల కడపలో మా కూతురింట్లో కొన్నాళ్ళున్నాను. ఒక సాయంత్రం మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనులో ఏదో హాస్య కార్యక్రమం చూస్తూ పడీపడీ నవ్వుతుంటే, వంటింట్లో చపాతీలు వత్తుతున్న మా అమ్మాయి అక్కడినుంచే కేకేసి, కాస్త పక్కన కూర్చుని చూడమ్మా, అది పదమూడేళ్ళ పిల్ల చూడదగిందో కాదో నువ్వే చెప్పు అంది. తెర మూలన ఎన్నేళ్ళ వాళ్ళు చూడవచ్చో అంకె వేసి ఉంది. మనవరాలు దాన్ని నాకు వేలితో చూపించి, వాళ్ళే చెప్పేశారు గదవ్వా, ఇక నువ్వు చెప్పేదేముంది అని నవ్వింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ఒకడు ఇంకొకడి చెంపలు వాయిస్తున్నాడు, చీర కట్టుకున్న మగవాడొకడు గుండెలు బాదుకుంటున్నాడు, కనబడని జనం ఎక్కడినుంచో విరగబడి నవ్వుతున్నారు. ఆ గుండెలు బాదుకోవడం చూసి నేను ఫోను మీదనుంచి కళ్ళు తిప్పుకున్నాను. తలెత్తితే మా అమ్మాయి పిండి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. మా తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలిసిపోయింది. అది మళ్ళీ చపాతీల దగ్గరికి వెళ్ళిపోయింది, నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను.

మన ఈడువాళ్ళకు ఆ రోజులు చెప్పకపోయినా గుర్తుంటాయి. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. మా నందికొట్కూరులో మిద్దెల మీదుగా కేబులు తీగలు, బట్టలారేసుకునే తాళ్ళు ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోయి, వేటిమీద చీర ఆరేస్తున్నామో తెలియకుండా ఉండేది. వాన వస్తే బొమ్మ పోయేది, ఎండ ముదిరితే కరెంటే పోయేది. ముందు మా మామగారి కిరాణా అంగడి, దాని వెనక మేముండే ఇల్లు, దానికీ వెనక ఒంటిగది వాటా, అన్నిటి మీదా ఒకటే పొడుగాటి మిద్దె. మా సందులో రంగుల టీవీలు ఇంకా రెండు మూడు ఉన్నా, మా ఇంటి నడవ వెడల్పుగా ఉండడంవల్లనో, మా అత్తగారు వచ్చిన పిల్లలందరికీ గుప్పెడు బొరుగులు పెట్టడంవల్లనో, సందులోని పిల్లలంతా మా ఇంట్లోనే పోగయ్యేవాళ్ళు.

మా అత్తగారి సంగతి కొంచెం చెప్పాలి. ఆమె చదివింది తక్కువ, తీర్పు చెప్పేది ఎక్కువ. బంధువుల ఇళ్ళలో పెళ్ళయితే పంక్తి కూర్చునేముందు పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. గరిటెతో అరచేతిలో వేసుకుని, నాలుక చివర పెట్టి, కళ్ళు మూసుకుని ఆమె ఊఁ అంటే తప్ప విస్తట్లోకి వెళ్ళడానికి లేదు. ఆ అలవాటే టీవీకీ పట్టించింది. అదెట్లాగంటే, ఆ రోజుల్లో ప్రతి శనివారం సాయంత్రం ఒక హాస్య కార్యక్రమం వచ్చేది. మగవాళ్ళు ఆడవేషాలు కట్టి, పాలవాడితో ఒకటి, పక్కింటివాడితో ఒకటి మాట్లాడేవాళ్ళు, ఆ మాటలకు పైన ఒక అర్థమూ అడుగున ఒక అర్థమూ ఉండేవి. ఒక శనివారం మా అమ్మాయి, దానికప్పుడు పదిహేనేళ్ళు, అన్నాలప్పుడు అందరి ముందూ అందులోని ఒక మాటకు అర్థమేమిటని వాళ్ళ తాతను అడిగింది. మా మామగారికి జొన్నరొట్టె గొంతుకు అడ్డం పడింది. ఆ మర్నాటి నుంచే అత్తగారి శాసనం అమల్లోకి వచ్చింది.

అదే కార్యక్రమాన్ని ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేసేవాళ్ళు. కనుక శనివారం పెద్దలు చూడాలి, చూసి పనికొస్తుందంటేనే ఆదివారం పిల్లలు చూడాలి. శనివారం ఆ వేళకు పిల్లల్ని మిద్దె మీదికి తోలేసి, మేము నలుగురు ఆడవాళ్ళం నడవలో చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. మొదటిది మా అత్తగారు. రెండోది ఎదురింటి ఖాలా. ఆమె భర్త దర్జీ, ఆ ఇంట్లో ఇద్దరు ఎదిగిన మగపిల్లలు. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ, సందులో పిల్లలందరికీ ఆమె ఖాలాయే. మూడోది మా వెనక వాటాలో అద్దెకుండే ఆమె, నన్ను అక్కా అంటే నేను చెల్లెలా అనేదాన్ని, ఆమెకూ మా అమ్మాయి తరగతిలోనే చదివే కూతురుంది. నాలుగోదాన్ని నేను. కోడలిని గనుక నా మాట ఉన్నా లేనట్టే. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ వారం పిల్లలకు చూపించకూడదు, అయితే ఎందుకు వద్దో కారణం చెప్పాలి. ఊరికే వద్దంటే మా అత్తగారు ఒప్పుకునేది కాదు. ఉప్పు ఎక్కువైందా తక్కువైందా చెప్పకుండా బాగలేదంటే ఏం లాభం అనేది.

కార్యక్రమం మొత్తం చెడ్డది కాకుండా నడుమ నడుమ చెడ్డదయితే దానికీ ఒక ఉపాయం కనిపెట్టింది. టీవీ రిమోటు ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉండేది. శనివారం చూసేటప్పుడే ఎక్కడెక్కడ బూతు వస్తుందో గుర్తుపెట్టుకుని, ఆదివారం సరిగ్గా ఆ చోట గొంతు నొక్కేసేది. టీవీలో నోళ్ళు ఆడుతుండేవి, మాట వచ్చేది కాదు. ఆమె చెయ్యి బొడ్డు దగ్గరికి పోతుందనగానే పిల్లలంతా ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. వినబడని మాట విన్న మాటకన్నా పెద్ద బూతయి కూర్చునేది. సోమవారం బడిలో ఎవరినో అడిగి అసలు మాట తెలుసుకుని, ఓస్ ఇంతేనా అని చప్పబడిపోయేవాళ్ళని మా అమ్మాయి పెళ్ళయ్యాక ఎప్పుడో చెప్పింది. మా అత్తగారికి మాత్రం నేను చెప్పలేదు. పాపం, అంత కష్టపడి కాపలా కాసిన మనిషి.

ఒకసారి ఖాలా వద్దంది. ఆ వారం ఒక కుంటివాడి వేషం ఉంది. వాడు ఎగుడుదిగుడుగా నడుస్తుంటే వెనకనుంచి డోలు కొడుతున్నారు. మా అత్తగారు నవ్వింది, నేనూ నవ్వాను. ఖాలా మాత్రం లేచి నిలబడి కొంగు సర్దుకుని, ఏ మాత్రం కోపం లేకుండా, "మా ఇంటాయన అట్లనే నడుస్తాడు గదమ్మా. రేపు మీ పిల్లోల్లు ఆయప్పను చూసి నగితే నాకు బాధయితాది" అంది. ఆమె భర్తకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. మా అత్తగారి మొహం చిన్నబోయింది. ఆ ఆదివారం టీవీ మీద దుప్పటి కప్పేసి, కరెంటు లేదని పిల్లలతో అబద్ధం చెప్పింది. పైన పంకా తిరుగుతూనే ఉంది, అయినా ఎవరూ నోరెత్తలేదు.

ఇక వెనక వాటా చెల్లెలు. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో ఒక ఇనపపెట్టె, ఒక బియ్యపు సంచీ, ఒక కూతురు, ఇంతే సంసారంతో వచ్చింది. ఏ ఊరమ్మా అంటే ఓర్వకల్లు అవతల పల్లె అంది. ఇంటాయన ఏమైనాడంటే, జరమొచ్చి పోయినాడని తల వంచుకుంది. మా అత్తగారు అంతకు మించి తవ్వలేదు. ఆమె పొద్దున్నే వేరుశెనగ మిల్లుకు పోయి సాయంత్రం దాకా పప్పులో రాళ్ళూ పుచ్చులూ ఏరేది. కూతుర్ని మాత్రం గ్లాసు కూడా కడగనిచ్చేది కాదు, చదువుకో పో అనేది. ఆమెకున్నది ఒకటే కోరిక. పిల్ల పదో తరగతి గట్టెక్కాలి, కర్నూల్లో నర్సు చదువులో చేరాలి, ఆ తెల్లబట్టలు వేసుకుని ఎవరి ఊరితోనూ ఎవరి కులంతోనూ పని లేకుండా బతకాలి. సాయంత్రాలు మా బావి గట్టున కూర్చుని నాతో ఈ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది. మా పల్లెకు మాత్రం అది తిరిగి పోకూడదక్కా అనేది. ఎందుకు పోకూడదో చెప్పేది కాదు, పల్లెలో చదువు సాగదు గదా, అందుకేమోనని నేను అనుకునేదాన్ని.

ఆ పిల్ల మహా చురుకు. ఎవరి గొంతయినా ఒకసారి వింటే చాలు, దింపేసేది. లెక్కల మాస్టారు ముక్కుతో మాట్లాడడం, మా మామగారు అంగడిలో అరువు అడిగినవాళ్ళకు సమాధానం చెప్పకుండా తూకం రాళ్ళు సర్దుకోవడం, చివరికి మా అత్తగారు ఊఁ అనే తీరు, అన్నీ చేసి చూపించేది. మా అత్తగారు దొంగముండ అని మురిసిపోతూ ఇంకో గుప్పెడు బొరుగులు పెట్టేది. పల్లె యాస పోలేదని బడిలో మొదట్లో ఏడిపించారట గానీ, ఈ విద్యతో అందరినీ జేబులో వేసుకుంది.

నేను చెప్పబోయే శనివారం శివరాత్రికి ముందుది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, అయినా ఆదివారం గంటసేపు నవ్వుకుంటే తప్పేంలే అని అత్తగారే సెలవిచ్చింది. నలుగురం చాప మీద కూర్చున్నాం. తెర మీద అట్టముక్కలతో చేసిన పల్లెటూరు, పెద్ద పెద్ద మీసాలు, తెల్ల పంచెలు, అట్ట కొడవళ్ళు. ఒకణ్ణి నలుగురు కలిసి నరుకుతున్నారు. వాడు పడతాడు, మళ్ళీ లేచి బీడీ ఉందా అని అడుగుతాడు, మళ్ళీ నరుకుతారు, మళ్ళీ లేచి ఈసారి అగ్గిపెట్టె అడుగుతాడు. అంతలో చీర కట్టిన మగవాడొకడు పెళ్ళాం వేషంలో జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చి, వాడి మీద పడి, మన సీమ మాటలో శోకాలు పెడుతున్నాడు. శోకం నడుమ ఆగి, నరికినవాళ్ళను చూసి, మీకు టిఫిను అయ్యిందా అప్పా అని మర్యాదగా అడిగి, మళ్ళీ గుండెలు బాదుకుంటున్నాడు.

మా అత్తగారు కళ్ళల్లో నీళ్ళొచ్చేటట్టు నవ్వింది. అంతకన్నా ఆమెకు సంతోషమేమిటంటే, టీవీలో మన మాట వినబడింది. ఎప్పుడు చూసినా కోస్తావాళ్ళ భాషేనాయె, ఇన్నాళ్ళకు మనోల్ల మాట వచ్చిందే అని చాప మీద చరిచింది. మన మాటను వాళ్ళు చంపేటప్పుడూ చచ్చేటప్పుడూ తప్ప వాడరని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఖాలా కూడా నవ్వుతూ మోకాళ్ళ మీద తల పెట్టేసుకుంది. మొదటినుంచి చివరిదాకా ఒక్క బూతు మాట లేదు, ఒక్క పాడు సైగ లేదు, రిమోటు మీదికి చెయ్యి పోవలసిన అవసరమే రాలేదు. అన్ని వారాల్లోకీ శుభ్రమైన వారం అదేనని అత్తగారు ప్రకటించింది. ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరినీ అడిగింది. ఖాలా సరేనంది. నేనూ సరేనన్నాను. చివరికి చెల్లెలి వైపు తిరిగి, "ఏమంటావమ్మా, పిల్లోల్లు చూడొచ్చునా?" అంది.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, మిల్లులో పప్పు ఏరేవాళ్ళకు ఉండే ఆ పగిలిన వేళ్ళతో చీర అంచును నొక్కుతూ ఉంది. నవ్విందో లేదో మేమెవరం చూడలేదు, మా నవ్వు మాకు సరిపోయింది. అడిగాక అంచు వదిలేసి, "చూడొచ్చులేమ్మా. ఏముండాది అందులో" అంది. అని, మిల్లులో దుమ్ముకు తల నొస్తాందని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలంతా చూశారు. మా అమ్మాయి చెప్పడం, వెనక వాటా పిల్ల అందరికన్నా ముందే నవ్వడం మొదలుపెట్టి అందరికన్నా చివర ఆపిందని. ఎండ వాలాక ఆ దండంతా మిద్దెక్కింది. నేను అప్పటికే అక్కడ ఒక మూల ఎండిన మిరపకాయలు సంచిలోకి ఎత్తుకుంటున్నాను. అదే ఆట మొదలుపెట్టారు. ఖాలా చిన్నకొడుకు చచ్చినవాడుగా పడుకున్నాడు, పుల్లలు కొడవళ్ళయ్యాయి. పెళ్ళాం వేషం ఎవరు వెయ్యాలంటే అందరూ ఒక్క గొంతుతో ఆ పిల్ల పేరే చెప్పారు. దానికైతే అసలు పల్లె మాట వస్తుంది, పైగా గొంతు దించడంలో దాని తర్వాతే ఎవరైనా.

అది మొదట టీవీలో చేసినట్టే చేసింది. టిఫిను అయ్యిందా అప్పా అంది, అందరూ పడీపడీ నవ్వారు, నేనూ సంచి మూతి పట్టుకుని నవ్వాను. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని వాళ్ళు ఎగదోశారు. అప్పుడు ఆ పిల్ల జడ విప్పేసుకుని, మోకాళ్ళ మీద కూలబడి, రెండు అరచేతులూ నేలకేసి కొట్టి ఇంకో గొంతు తీసింది. అది టీవీలో వినబడిన గొంతు కాదు. "ఓ నా సామీ... సద్ది కట్టిస్తి గదయ్యా... సద్ది మూట ఇప్పకనే పండుకుంటివా నా సామీ... ఎండలో పండుకుంటివే, నీడకు రా సామీ... నీళ్ళు నీళ్ళని అరుస్తాంటివే, ఊరు ఊరంతా తలుపులు మూసుకుంటిరే నా సామీ..."

సద్ది అంటే పొద్దున్నే పొలానికి కట్టుకుపోయే అన్నం. ఆ మాటలు ఏ టీవీవాడూ రాసినవి కావు. మన పల్లెల్లో ఆడది మగని శవం మీద పడి ఏడ్చేటప్పుడు మాటలు ఎక్కడినుంచో వస్తాయి, ఆమె బతుకులోనుంచే వస్తాయి, ఇంకొకరి శోకం ఇంకొకరికి పనికిరాదు. జరంతో పోయినవాడికి ఊరంతా తలుపులెందుకు మూసుకుంటారు? నా చేతిలో సంచి జారి మిరపకాయలు మళ్ళీ మిద్దెంతా పరుచుకున్నాయి. పిల్లలకేం తెలుసు, వాళ్ళు ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళు నవ్వుతున్నకొద్దీ ఆ పిల్ల ఇంకా హెచ్చిస్తోంది. దాని కళ్ళల్లో నీళ్ళు లేవు. మెచ్చుకుంటున్నారన్న సంతోషం, ఆపితే ఏమవుతుందోనన్న భయం రెండూ కలిసి ఉన్నాయి ఆ మొహంలో. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ మొహమే.

మిద్దె మెట్ల తల దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది. భుజాన పిండిన బట్టలు, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. తన మగని మీద తాను ఏడ్చిన ఏడుపు తన కూతురి నోటినుంచి విని, దానికి పిల్లలు నవ్వుతుంటే చూసింది. పరుగెత్తలేదు, కొట్టలేదు, తిట్టలేదు. బట్టలు పిట్టగోడ మీద పెట్టి, నింపాదిగా నడిచి వచ్చి, కూతురి ముందు కూర్చుని, దాని నోటిమీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది. "సాలు తల్లీ" అంది, అంతే. ఆ పిల్లను లేపి, విడిపోయిన జుట్టును ఒక చేత్తో ముడేస్తూ కిందికి తీసుకుపోయింది. పిల్లలు ఆట చెడిందని గొణుక్కుంటూ దిగిపోయారు.

ఆ రాత్రి కాదు, మర్నాడు మిల్లుకు పోకుండా బావి గట్టున కూర్చుని తనే చెప్పింది నాకు. పల్లెలో రెండు వర్గాలు. వాళ్ళాయన ఎవరి కొడవలీ పట్టినవాడు కాదు, ఒక వర్గం పెద్దమనిషి పొలం కౌలుకు చేసినందుకే రెండోవాళ్ళ లెక్కలోకి వచ్చాడు. పట్టపగలు, ఊరి నడుమ నరికేశారు. తల్లీ కూతురూ కాస్త వెనకగా పొలానికి బయలుదేరి చూశారు. నిజం చెబితే ఇల్లెవరిస్తారక్కా అంది. ఆమె మాటా నిజమే. పగ ఉన్నవాళ్ళకు ఇల్లిస్తే ఆ పగ మన వాకిట్లోకి వస్తుందని భయపడని గృహస్థు ఆ రోజుల్లో మా వైపు లేడు. అందుకే జరమని చెప్పింది, కూతురితోనూ చెప్పించింది. శనివారం ఆ వేషం చూస్తుంటే ఊపిరాడలేదట. వద్దంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే పిల్ల పరీక్ష పోతుంది. ఒక్క గంట ఓర్చుకుంటే పోయేదానికి పిల్ల బతుకు పాడుచేసుకోవడం ఎందుకని చూడొచ్చునని చెప్పిందట.

నేనెవరికీ చెప్పలేదు. చెప్పవలసిన పనేముంది, ఆ శోకం పిల్లల నోట సందంతా తిరిగింది, పెద్దవాళ్ళ చెవిన పడేసరికి ఎవరికి అర్థం కావలసింది వాళ్ళకు అర్థమైంది. రెండు రోజులకు మోటారు సైకిలు మీద ఎవరో ఇద్దరు అంగడి దగ్గర ఆగి సిగరెట్లు కొనుక్కుని, మీ వెనకింట్లో ఉండేది ఏ ఊరోల్లు శెట్టీ అని మా మామగారిని అడిగారు. వాళ్ళు ఇల్లు వెతుక్కునేవాళ్ళే కావచ్చు, మరెవరైనా కావచ్చు, ఇప్పటికీ తెలియదు. మామగారు లోపలికి వచ్చి అత్తగారితో గొంతు తగ్గించి చెప్పాడు. అత్తగారు వాళ్ళను పొమ్మనలేదు, ఆ మాట ఆమె ఆత్మసాక్షిగా నిజం. ఉండమని కూడా అనలేదు. తలుపు దగ్గర అటూ ఇటూ తిరిగింది, రెండుసార్లు వెనక వాటాదాకా పోయి వెనక్కి వచ్చింది. వెనక వాటాకు వినబడనే వినబడింది. పొద్దు వాలకముందే ఇనపపెట్టె బయటికి వచ్చింది. పరీక్షలైనా రాయనీ అని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "పానముంటే సదువుకోవచ్చక్కా" అంది. ఆ పిల్ల హాల్ టికెట్టు బడిలోనే ఉండిపోయింది, దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

మళ్ళీ శనివారం వచ్చింది. అలవాటు చొప్పున అత్తగారు చాప పరిచింది. ఖాలా వచ్చి కూర్చుంది. టీవీ వెయ్యలేదు. అత్తగారు గోడ వైపు చూస్తూ, "ఒక్క మాట వద్దనింటే నేను చూపిస్తాంటినా?" అంది, తనలో తాను అన్నట్టు. పెళ్ళయి అన్నేళ్ళయినా నేను ఆమెకు ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆ రోజు మాత్రం నా నోరు ఆగలేదు. "ఎట్లంటాది అత్తా? ఎందుకని నువ్వు అడుగుతావు గదా" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. బొడ్లోంచి రిమోటు తీసి చాప మీద పెట్టి, వంటింట్లోకి పోయి కూర్చుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఏం చూసినా ఆమె మంచీ చెడ్డా చెప్పలేదు. పెళ్ళిళ్ళలో పప్పు రుచి చూడమన్నా, మీరే చూసుకోండమ్మా, నా నాలుక పోయింది అనేది.

తర్వాత కొన్నేళ్ళకు మంత్రాలయం పోయాం. దర్శనం చేసుకుని తుంగభద్ర వైపు నడుస్తుంటే, దారిపక్కన టెంకాయలూ తులసిమాలలూ పెట్టుకుని అమ్మేవాళ్ళ వరుసలోంచి ఒక అమ్మాయి పెద్దమ్మా అని పిలిచింది. మొదట గుర్తుపట్టలేదు, మా వెనక వాటా పిల్ల. చిక్కిపోయింది, ఒళ్ళో పసిబిడ్డ. ఆ చురుకుదనం మొహంలో ఎక్కడా లేదు. పదో తరగతి పరీక్ష ఇక రాయనే లేదట. మేనమామ పంచన ఉండి, ఆయన చూపించినవాణ్ణి చేసుకుందట. అమ్మ ఎట్లుందే అని అడిగాను. పోయిన ఎండాకాలం పోయిందంది. మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి పోయిందట. నేను అక్కడే రాతి మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల టెంకాయ పీచు తీస్తూనే, నా మొహం చూడకుండా చెప్పింది. "నేను ఏడ్చలేదు పెద్దమ్మా. ఊరోల్లంతా తిట్టినారు, కన్నతల్లి పోతే రాయి మాదిరి కూసుండాదే అన్యారు. నాకు వచ్చేది ఒకటే ఏడుపు. ఆ ఏడుపుతో నేను నగించినా గదా. మా యమ్మ మింద పడి మళ్ళా అదే ఎట్ల ఏడ్చల్ల?"

నేను దాని తల మీద చెయ్యి వేశాను. ఎవరో యాత్రికులు టెంకాయ ఎంత అని అడిగారు, అది లేచి ధర చెప్పింది.

ఇప్పుడు శనివారాలూ లేవు, ఆదివారాలూ లేవు. ఎవరి అరచేతిలో వాళ్ళు చూసుకుంటున్నారు, ఎవరి నవ్వు వాళ్ళది. నవ్వు ఎంత చవకయిందో ఏడుపు అంత కరువయింది. రెండేళ్ళ కిందట మా అత్తగారు నిండు వయసులో కర్నూల్లో పోయారు. అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు, ఆ పెట్టె సన్నగా మోత చేస్తూ ఉంది, పక్కన స్పీకరులో భజన. వచ్చినవాళ్ళు దండం పెట్టి కుర్చీల్లో కూర్చుంటున్నారు. పల్లెనుంచి వచ్చిన మా పెద్దాడపడుచు ఒక్కతే పెట్టె మీద పడి, అమ్మా అని పాతకాలపు రాగంలో శోకం ఎత్తుకుంది. నాకు గుండె నిండినట్టయింది, ఇన్నాళ్ళకు ఒక మనిషి చచ్చినట్టు తెలిసింది అనుకున్నాను. అంతలో కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోనులు పైకెత్తారు. ఆమె తలెత్తి వాటిని చూసింది. గొంతు అక్కడే తెగిపోయింది, పైట నోట్లో కుక్కుకుని ఒక మూలకు పోయి కూర్చుంది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నాకు పెద్ద కోరికలేమీ మిగలలేదు. నేను పోయిన రోజున మాత్రం ఎవరో ఒకరు, నా కూతురో మనవరాలో, వాకిట్లో కూలబడి, నా పేరు పెట్టి పిలిచి, నేను వండిపెట్టిన దాన్నీ తిట్టిన దాన్నీ అన్నిటినీ తలుచుకుని, సందు చివరిదాకా వినబడేటట్టు ఏడవాలని ఉంది. నవ్వేవాళ్ళు నవ్వనీ.